ముగ్గుపిండి చల్లిన ఇంజన్‌తో రాయదుర్గం దాకా

అనంతపురం నుంచి రాయదుర్గం పోయేవాళ్లు ఎక్కువగా కొండ మీది కోట చూడటానికి పోతారు, లేదంటే జీన్స్ ప్యాంట్లు కుట్టేచోటే కొంటే తక్కువకు వస్తాయని పోతారు. నేను మాబు సాబ్ అనే మెకానిక్‌కు తప్పైపోయిందని చెప్పడానికి పోయాను. ఏ కారు వల్ల తప్పు జరిగిందో ఆ కారులోనే పోయాను. దారి, టిఫిను, ఖర్చు అన్నీ చెబుతాను. కానీ ముందు ఈ సంగతి చెప్పకపోతే, దగ్గరి దారి వదిలి చుట్టుదారి ఎందుకు పట్టానో, ఉదయం ఆరుంబావుకు బయలుదేరిన మనిషి రాయదుర్గం చేరేసరికి మూడున్నర ఎందుకు దాటిందో మీకు అర్థం కాదు.

నా కారు వయసు ముప్పై రెండేళ్లు. కొన్న నాటి నుంచి మొన్నమొన్నటి దాకా దాని మీద చెయ్యి వేసింది మాబు ఒక్కడే. బళ్లారి రోడ్డులో రేకుల షెడ్డు ఉండేది. ఏ బోల్టు బిగించినా దాని తల మీదా, పక్కనున్న ఇనుము మీదా కలిసేట్టు తెల్ల పెయింట్‌తో సన్నటి గీత గీసేవాడు. గీత విరిగి కనిపిస్తే బోల్టు వదులైనట్టు. అంత పట్టింపు మనిషి. రెండేళ్ల కిందట ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట నల్లటి ఆయిల్ చుక్కలు పడసాగాయి. మాబు గేర్‌బాక్సు దింపి, ఇంజన్ వెనక ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ మార్చాడు. రెండు రోజుల పని. పదిహేను రోజులకు మళ్లీ అదే చోట చుక్కలు. "రెండు దినాలు బండి ఈడ ఇడిసిపెట్టు నారాయణప్పా. ఇంజన్ తుడిచి ముగ్గుపిండి చల్లి చూస్తా. చుక్క పడేది ఈడ, కారేది యాడో" అన్నాడు. "ముగ్గేసి హారతి కూడా ఇస్తావా ఏమప్పా?" అని బండి ఎక్కి వచ్చేశాను.

వచ్చినవాణ్ని ఇంటికి పోయుంటే బాగుండేది. టీకొట్టుకు పోయాను. "మాబు నా బండికి కొత్త సీల్ వేసినాడప్పా. ఆ కొత్త సీల్ పుట్టేనాటికి నాకింకా పెళ్లి కాలేదు" అన్నాను. బెంచీ మీద ఏడెనిమిది మంది ఉన్నారు. ఒకాయనకు టీ ముక్కులోకి పోయింది. మాట పండితే ఒక్కరోజుతో వదిలే అలవాటు నాకు లేదు. మరునాడు కాస్త ఉప్పూకారం చల్లి మళ్లీ చెప్పాను. లారీ డ్రైవర్లూ ట్రాక్టర్ల వాళ్లూ ఆగే కొట్టు అది. ఏడాది తిరిగేసరికి మాబు షెడ్డు ముందర బండ్లు పల్చబడ్డాయి. ఆ తర్వాత షెడ్డుకు తాళం పడింది. రాయదుర్గంలో కూతురింటికి పోయాడన్నారు. నేను అప్పటికీ నా మాటే నిజమనుకున్నాను.

ఆ మధ్య కారును అద్దాల గదీ, కుర్చీలూ ఉన్న ఒక కొత్త గ్యారేజీలో ఇచ్చాను. వాళ్లు మళ్లీ అదే సీల్ మార్చి, పీకిన సీల్‌ను కవర్‌లో పెట్టి నా చేతికిచ్చారు. చక్రం మాదిరి చిన్న రబ్బరు వస్తువు. లోపలి అంచు ఇంకా పదునుగా ఉంది, రబ్బరు నిగనిగలాడుతోంది. "ఇది కొత్తదే కదా సార్, ఎందుకు మార్పించారు?" అని అక్కడి మేనేజరే అడిగాడు. కారు ఇల్లు చేరిన వారానికి చుక్కలు మళ్లీ అదే చోట పడ్డాయి. ఆ సీల్‌ను నాలుగు నెలలు టేబుల్ సొరుగులో దాచాను. పోయిన శుక్రవారం, మాబు అల్లుడు తిరుప్పూరులో కుట్టుపని దొరికి ముందే పోయాడనీ, ఆదివారం సాయంత్రం ఐదింటి బెంగళూరు బస్సుకు మాబూ కూతురూ కూడా వెళ్లిపోతున్నారనీ తెలిసింది. తిరుప్పూరుకు పోయి వెతికే ఓపిక నాకు లేదు, ఆ మనిషికి నాతో ఫోన్‌లో మాట్లాడే అవసరం లేదు. ఆదివారం ఐదింటిలోపే చెప్పాలి. సీల్ జేబులో వేసుకుని బయలుదేరాను.

రాయదుర్గానికి దగ్గరి దారి కళ్యాణదుర్గం మీదుగా. మీరు అదే పట్టుకోండి. నేను ఉరవకొండ వైపు తిరిగింది రేడియేటర్ కిందిభాగాన ఉండే హోస్ పైపు కోసం. నా కారు పైపు ఉరవకొండలో ఒక పాత సామాన్ల కొట్టులో తప్ప ఎక్కడా దొరకదు. ఆ పైపు ఎందుకు కారుతోందంటే, కొత్త గ్యారేజీవాళ్లు పనిలో పనిగా రేడియేటర్‌లో మందు పోసి శుభ్రంగా కడిగారు. మా వైపు తాగే నీళ్లు ఫిల్టర్ ప్లాంటు నుంచి క్యాన్లలో వస్తాయి. గిన్నెలకూ బండ్లకూ బోరునీళ్లే. క్యాను నీళ్లు బండికి పోసేవాణ్ని ఏ ఇంట్లోనూ క్షమించరు. ముప్పై ఏళ్లు నేను ఆ ఉప్పునీళ్లే పోశాను. లోపల సుద్ద మాదిరి పేరుకుంది. పైపు పగుళ్లనూ రేడియేటర్ చిల్లులనూ ఇన్నేళ్లు మూసిపెట్టింది ఆ సుద్దేనని, దాన్ని కడిగేశాక తెలిసింది.

ఏడు గంటలకు కూడేరు దగ్గర వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది, బోనెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇలాంటప్పుడు రేడియేటర్ మూత తిప్పొద్దు. మరిగే నీళ్లు మొహాన కొడతాయి. రోడ్డు పక్క హోటల్లో కూర్చుని, బండి చల్లారేదాకా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. నలభై రూపాయలు, బొరుగులు మెత్తగా నానాయి, పప్పులపొడి ఎక్కువే చల్లారు. హోటలామెను నీళ్లడిగాను.

"తాగేటివా, బండికా?" అంది.

"బండికమ్మా."

"బండికైతే ఆ డ్రమ్ములో ముంచుకో. క్యాను ముట్టుకుంటే మర్యాదుండదు."

"ఆ ఉప్పునీళ్లు పోస్తే బండి చెడిపోతాదమ్మా."

"ముప్పై ఏండ్లు మేం తాగలేదా ఆ నీళ్లు? మాకంటే గొప్పదా నీ బండి?" అని నవ్వింది. ఆమె పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. నేను డ్రమ్ములోనే ముంచుకున్నాను. హోస్ పైపు పగులు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కను సాగదీసి చుట్టి, బైండింగ్ వైరుతో బిగించాను. ఇది కూడా మాబు నేర్పిన పనే. ట్యూబును పైపు మీద చుట్టేటప్పుడు బాగా లాగి పట్టుకోవాలి, వదులుగా చుడితే నీళ్లు దాని కిందనుంచే పోతాయి.

గంటకు ముప్పై దాటకుండా తోలుతూ ఉరవకొండ చేరేసరికి తొమ్మిదిన్నర. సామాన్ల కొట్టాయన పాత పైపును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ బండి ఇంకా తిరుగుతాండాదా? నన్ను దాని తిథికి పిలుస్తారేమో అనుకుంటి" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎక్కడైనా వాడుకోవచ్చని మనసులో దాచుకున్నాను కూడా. ఏ పనిమీద పోతున్నానో తెలిసి కూడా ఆ బుద్ధి పోలేదు. పైపు మూడువందల అరవై, కొత్త క్లిప్పులు రెండు. బిగించడం ముగించి, చేతులు కడుక్కునేసరికి పదిన్నర.

ఉరవకొండ నుంచి బెళుగుప్ప దారి మీకు నచ్చుతుందో లేదో చెప్పలేను. రెండువైపులా ఎర్రనేల, అందులో జానెడు లేచి ఆగిపోయిన వేరుశనగ, ఆకు అంచులు మాడి లోపలికి ముడుచుకున్నాయి. చేలల్లో గాలిమరలు. కింద మొక్కకు తడి లేదు, పైన రెక్కలకు మాత్రం పని తెగలేదు. ఫోటోలు తీసుకునేవాళ్లకు సాయంత్రం బాగుంటుంది. జీడిపల్లి రిజర్వాయరు కూడా ఈ మండలంలోనే. నీళ్లు చూడాలనిపిస్తే అటు తిరగొచ్చు. నాకు ఇంకో రెండు మైళ్లలో బెళుగుప్ప అనగా కాలిన నూనె వాసన వచ్చింది. ఇంజన్ వెనకనుంచి ఆయిల్ కారి, వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి పొగ లేస్తోంది. ఆయిల్ చూసే కడ్డీ తీస్తే కింది గీతకు కూడా తడి అంటలేదు. అలాగే ముందుకు పోతే ఇంజన్ పట్టేస్తుంది. దగ్గరున్న లీటరు డబ్బా పోసి, ఊరి మొదట్లో కనపడిన ట్రాక్టర్ షెడ్డులోకి తిప్పాను. అప్పటికి పదకొండున్నర.

షెడ్డు యజమాని ఓబులేసు. నలభై దాటినవాడు, మోచేతుల దాకా గ్రీసు.

"ఏం పెద్దాయనా, బండి బీడీ తాగతాండాది?" అన్నాడు.

"ఇంజన్ వెనక సీల్ పోయినట్టుండాది. రెండు తూర్లు మార్పిస్తి, నిలబడలే."

"సీలని ఎవరు చెప్పినారు?"

"చుక్క ఆడనే పడతాంది కదప్పా."

"మీ ఇంటి గోడ తడిస్తే గోడలో నీళ్లు పుట్టినాయంటావా? పైన మిద్దె చూడవా?" అంటూ బోనెట్ ఎత్తాడు. డీజిల్ గుడ్డతో ఇంజన్ వెనకభాగమంతా తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి, వెనకున్న ఇంటి వైపు కేకేశాడు. "ముగ్గుపిండి తేవే!"

"మళ్లా ఇంజన్‌కేనా? వాకిలికి ఒక్క పిడికెడన్నా మిగలనీ!" అంటూ వాళ్లావిడ డబ్బా తెచ్చి బోనెట్ మీద పెట్టిపోయింది.

ఓబులేసు పిండిని అరచేతిలో పోసుకుని, ఊదుతూ ఇంజన్ వెనక పైనుంచి కింది దాకా తెల్లగా పట్టించాడు. బండి స్టార్ట్ చేసి, "ఇరవై నిమిషాలు ముట్టుకోగాకు. ఎవరు మొదట తడుస్తారో వాళ్లే దొంగ" అని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. టీ తెప్పించాడు.

"ఈ ఇద్య నాకు అనంతపురంలో మాబన్న నేర్పినాడు. ఆయప్ప తాన నాలుగేండ్లుంటి. షెడ్డు యాల మూసేసినాడో తెల్సునా నీకు?"

"తెలీదు" అన్నాను.

"ఎవనో ముసలోడంట. మంచి మాటకారంట. మాబన్న కొత్త సీలని చెప్పి ఏసిందాన్ని పీకి చూస్తే, దాని మీద పాత అణాబిళ్ల మాదిరి తెల్లదొరల రాజు తలకాయ ఉండిందంట!" చెబుతూనే ఓబులేసుకు నవ్వు ఆగలేదు. మూతి తుడుచుకున్నాడు. "చూడు, ఆయప్ప చేతికింద పని నేర్చుకున్నోణ్ని, నాకే నవ్వొస్తాది. అదే వచ్చిన చిక్కు. నవ్వొచ్చే మాట నిజమా అని ఎవడు అడగతాడు? ఈ ఊర్లో ట్రాక్టరోళ్లు గూడా 'సీల్ ఏస్తివా, రాజుగారు ఉండాడా దాంట్లో' అని నన్ను అడిగినారు."

నేను చెప్పిన మాటలో రాజు లేడు. వంద కిలోమీటర్లు కూడా లేని దారిలో ఎవరెవరి నోళ్లలోనో పడి ఆ తలకాయ మొలిచింది. సిగ్గుపడాల్సిన ఆ క్షణంలో నాకు మొదట తోచింది, ఇది నా దానికంటే బాగుంది కదా అని. అలా తోచిందని ఇక్కడ రాయకపోతే ఈ రాతకు అర్థమే లేదు.

ఇరవై నిమిషాలకు లేచి చూశాం. తెల్లపిండి మీద వేలి వెడల్పున ఒక నల్ల చార. అది సీల్ దగ్గర మొదలవలేదు. ఇంజన్ పైన మూతలాగా ఉండే ట్యాపెట్ కవర్ వెనక మూలలో మొదలై, ఇంజన్ వీపు మీదుగా జారి, గేర్‌బాక్సు కలిసే చోటికి వచ్చి చుక్కగా వేలాడుతోంది. సీల్ చుట్టూ పిండి పొడిగా ఉంది. "సీలు సుద్దంగా ఉండాది. పైన మూత కింద ప్యాకింగ్ ఎండి చీలింది. రొంత కార్కు షీటు ముక్కకు పోయే పని" అన్నాడు ఓబులేసు. నేను ఫోన్ తీసి ఆ చారను ఫోటో తీసుకున్నాను. మాబుకు చూపించాలని.

కార్కు షీటును మూత అంచుకు ఆనించి, చిన్న సుత్తితో చుట్టూ కొడుతూ ప్యాకింగ్ కోయడం చూడదగ్గ పని. గంటన్నర పట్టింది. మూత బోల్టులు విప్పేటప్పుడు ఓబులేసు చెయ్యి ఆగింది. బొటనవేలితో బోల్టు తల మీది మురికి తుడిచాడు. తెల్ల గీత బయటపడింది. పక్కదీ తుడిచాడు. అక్కడా గీత.

"బండి అనంతపురందా?" అన్నాడు నా వైపు చూడకుండా.

"అవునప్పా."

ఆ తర్వాత పని అయ్యేదాకా అతను నాతో మాట్లాడలేదు. ఆయిల్ పోసి, మూత బిగించి, తానే చిన్న బ్రష్‌తో కొత్త గీతలు గీశాడు. ఆయిల్‌తో కలిపి పన్నెండు వందల యాభై తీసుకుని, "మాబన్న ఐదింటి బస్సుకు పోతాండాడు. బిన్నా పో" అన్నాడు. అంతే.

రెండు దాటాక బయలుదేరాను. ఆయిల్ వాసన లేదు, వేడి ముల్లు మధ్యలో నిలబడింది. రెండేళ్లలో బండి అంత హాయిగా నడవలేదు. రాయదుర్గం కొండ కనపడే సమయానికి బ్రేక్ పెడల్ మెత్తబడింది. ఒకసారి తొక్కితే సగం దాకా పోయేది, రెండోసారి ఇంకా కిందికి. దిగి చూస్తే ఎడమ వెనక చక్రం లోపలివైపు తడి. గుడ్డతో తుడిచి, నీళ్లేమోలే అనుకుని, గేర్ల మీదే బండిని ఆపుకుంటూ ఊళ్లోకి పోయాను. నీళ్లు కావని నా చేతికి తెలుసు; ఆలస్యమవుతుందని మనసు ఒప్పుకోలేదు.

కుట్టుమిషన్ల వీధి అడగకుండానే తెలిసిపోతుంది. ప్రతి ఇంట్లోంచీ మిషన్ల మోత, గడపల మీద నీలం పీచు, మురికికాలువలో కూడా నీలం నీళ్లు. మాబు కూతురు షబానా ఇంటి ముందర మూటలు కట్టి పెట్టి ఉన్నాయి. ఒక మూట మీద మాబు కూర్చుని ఉన్నాడు. నేను ఫోన్‌లో ఫోటో తెరిచి పట్టుకుని దగ్గరికి పోయాను.

"మామా," అంది షబానా మెల్లగా, "అబ్బకు కండ్లు కనపడవు. షుగరుతో పోయినాయి. ఏడు నెలలాయె."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"ఎవరని చెప్పొద్దులే బేటీ," అన్నాడు మాబు. "ఆ బండి సప్పుడు వీధి మలుపులోనే తెల్సింది. ట్యాపెట్ కవర్ విప్పినారా ఈ పొద్దు? సప్పుడు మారింది."

ఏమేమో చెప్పాలనుకుని వచ్చినవాణ్ని, జేబులోంచి సీల్ తీసి అతని చేతిలో పెట్టాను. బొటనవేలితో లోపలి అంచు చుట్టూ ఒకసారి తడిమాడు. "నేనేసిందే. బాగుండేదాన్ని యాల పీకినారు?" అన్నాడు. అతని మొహంలో బాధ కనపడింది, కానీ అది సీల్ కోసం.

"తప్పైపోయింది మాబూ. పైన ప్యాకింగ్ పోయిందంట. ఓబులేసు పిండి చల్లి చూపించినాడు. నువ్వు ఆ పొద్దే చెప్పినావు."

"రెండు దినాలు అడిగినా నిన్ను." సీల్‌ను వేళ్ల మధ్య తిప్పాడు. "సీలు గురించి ఆ మాట యాడ చెప్పినావు నారాయణప్పా?"

"టీకొట్లో."

"ఎంతమంది ముందర?"

"ఏడెనిమిది మంది."

"తప్పైందని మాత్రం ఈడికొచ్చి నా చెవులో చెప్తాండావు. ఈడ ఎవరుండారు? నేనూ, నా బిడ్డా. నేను పాత సీలు ఎయ్యలేదని మాకిద్దరికీ ముందే తెల్సు. పోయి ఆడ చెప్పు."

"ఆ టీకొట్టు లేదు మాబూ. రోడ్డు వెడల్పు చేస్తూ తీసేసినారు."

"కొట్టు తీసేసినారు," అన్నాడు. "మాటను తీసేసినారా?"

షబానా మూటల ముడులు మళ్లీ ఒకసారి బిగిస్తోంది, బిగించిన వాటినే. మాబు ముక్కుపుటాలు కదిలాయి. "నీ చేతికి ఏం అంటుకుండాది?" అన్నాడు. చక్రం తుడిచిన గుడ్డ జేబులోంచి తీసి ఇస్తే వాసన చూశాడు, వేళ్ల మధ్య నలిపాడు. "బేటీ, గ్లాసులో నీళ్లు తే. ఈ గుడ్డ పిండు దాంట్లో. తేలతాందా, కలిసిపోయిందా?"

"కలిసిపోయింది అబ్బా."

"ఇంజన్ ఆయిలైతే తేలతాది. ఇది బ్రేకాయిలు. చక్రం కాడ సిలిండర్ రబ్బరు పోయుండాది." గుడ్డ నా వైపు చాచాడు. "దీంతోనే వచ్చినావా ఇంత దూరం? ఆ బండి ఇంగ తోలొద్దు. తాళం షబానాకిచ్చు, పక్కింట్లో ఇచ్చొస్తాది, ఓబులేసుకు ఫోన్ చేస్తా, పొద్దున వచ్చి తీసుకపోతాడు. నువ్వు బస్సుకు పో."

"మాబూ, మన మధ్య..."

"బస్సుకు పో అంటి కదా. బండి గురించి చెప్పినా. మన గురించి కాదు."

నాలుగున్నరకు ఆటో వచ్చింది. ఎక్కించడానికి చెయ్యి చాచాను. అది అతనికి కనపడదు కదా, పక్కన నిలబడి "మాబూ, ఇదిగో చెయ్యి" అన్నాను. అతను రెండోవైపు చెయ్యి జాపి కూతురి భుజం పట్టుకుని ఎక్కాడు. నా కారు ఆ వీధిలో నీలంకాలువ పక్కనే నిలబడింది. బస్టాండుకు నడిచిపోయి కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం బస్సెక్కాను. టికెట్టు నూటముప్పై దాకా అయింది. మూడు గంటల దారిలో ఎవరితోనూ మాట్లాడకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

టీకొట్టు లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. బళ్లారి రోడ్డు మెకానిక్ మాబు సాబ్ నా బండికి వేసింది కొత్త సీల్. దాని మీద ఏ రాజు తలకాయా లేదు. కారింది పైన ప్యాకింగ్; కారేది వేరేచోటని అతను ఆనాడే చెప్పాడు, నేను వినలేదు. ఈ మాటలో నవ్వు లేదు. అందుకే దీన్ని ఎవరూ బెళుగుప్ప దాకా మోసుకుపోరని నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా మాటలు ఎలా ప్రయాణం చేస్తాయో చూసినవాణ్ని, ఆమాత్రం తెలియకపోతే ఎలా? అయినా మీలో ట్రాక్టర్లు తోలేవాళ్లెవరైనా ఉంటే, ఆ రాజుగారి కథ ఎక్కడైనా వినబడినప్పుడు నా పేరు చెప్పండి. నా పేరు చెప్పి నవ్వండి.

పాత కారుతో ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క సలహా. బయలుదేరే ముందురోజు సాయంత్రం బండి కింద తెల్ల కాగితం పరచి, తెల్లవారి చూడండి. చుక్క కనిపిస్తే నల్లదా, పసుపుదా, నీళ్లలో కలిసేదా అని చూసుకోండి. ఆ తర్వాత ఇంజన్ తుడిచి, ముగ్గుపిండి చల్లి, ఇరవై నిమిషాలు ఆగండి. ఆ ఇరవై నిమిషాలు ఎవరి గురించీ ఏమీ అనకండి.